బాలసభ ముందుకు వచ్చిన గేదె

తణుకు నుంచి భీమవరం వెళ్లే దారిలో, ఒక కాలవ వంతెన దిగగానే ఎడమచేతి వైపు సిస్టర్ల బడి ఉంది. ఆ బడిలో నాలుగో తరగతికి నాగేశ్వరి టీచరు. పేరుకి నాలుగో తరగతే గానీ, ప్రార్థన దగ్గర వరసలు సరిచేయడం, ఆగస్టు పదిహేనుకి బిగుసుకుపోయిన జెండా తాడు ముడి విప్పడం, క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులకు తలపాగాలు చుట్టడం, అన్నీ ఆవిడ చేతి మీదుగా జరగవలసిందే. సిస్టర్లు నాలుగేళ్లకోసారి బదిలీ అయి వెళ్లిపోతుంటారు. కొత్తగా వచ్చిన సిస్టరుకి ఈ బడిలో ఏ పండగకి ఏ పాట పాడతారో, ఏ పిల్లాడికి ఎండలో నిలబడితే కళ్లు తిరుగుతాయో చెప్పేది నాగేశ్వరే.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆవిడ భర్త రామచంద్రమూర్తి గారు ఆ చుట్టుపక్కల ఊళ్లకు పురోహితులు. పొద్దున్నే ఇద్దరూ ఒకే స్కూటరు మీద బయల్దేరతారు. ఆయన ఆవిడని మరియమ్మ విగ్రహం ముందు దింపి, తను గృహప్రవేశానికో తద్దినానికో వెళ్లిపోతారు. సాయంత్రం సంచిలో కొబ్బరి చెక్కలతో వచ్చి మళ్లీ ఆ విగ్రహం ముందే ఎక్కించుకుంటారు. చూసేవాళ్లకు మొదట్లో వింతగా ఉండేది. తరవాత స్కూటరు రాని రోజే వింతగా ఉండసాగింది.

పెళ్లయిన కొత్తలో ఆ బడిలో ఒక టీచరమ్మ పురిటికి సెలవు పెడితే, ఆ కాస్త కాలానికీ మనిషి కావాలన్నారు. నాగేశ్వరి టీటీసీ చదివి ఇంట్లో ఊరికే ఉంది. అత్తగారు సంపూర్ణమ్మ గారు కిరస్తానీ బడి అనగానే ముక్కు మీద వేలేసుకుని, చివరికి షరతులు పెట్టి ఒప్పుకున్నారు. ఇంటికి రాగానే పెరటి దారిన వచ్చి, నూతి దగ్గర స్నానం చేసి గానీ వంటింట్లో అడుగు పెట్టకూడదు. అక్కడేం పెట్టినా తినకూడదు. సెలవు పెట్టిన టీచరమ్మ బిడ్డనెత్తుకుని భర్తతో వైజాగ్ వెళ్లిపోయింది. నాగేశ్వరి బడిలో ఉండిపోయింది. షరతులూ ఉండిపోయాయి.

క్రిస్మస్‌కి బడి వాళ్లిచ్చిన కేకు నాగేశ్వరి పక్కింటి పిల్లలకు పంచేసేది. "గుడ్డు వేస్తారటగా, రామ రామ," అనేవారు సంపూర్ణమ్మ గారు. కాసేపాగి, "ఈసారి మెత్తగా వచ్చిందా?" అని ప్రతి ఏడూ అడిగేవారు. ఒకసారి ఇంట్లో సత్యనారాయణ వ్రతంలో కథ పూర్తయ్యాక, బడి అలవాటు కొద్దీ నాగేశ్వరి గట్టిగా "ఆమెన్" అంది. పీటల మీద కూర్చున్నవాళ్లు బిత్తరపోయారు. అత్తగారు మాత్రం అదేదో సంస్కృతం అనుకుని తనూ అన్నారు. రామచంద్రమూర్తి గారు ఆ మాట ఆవిడకు ఎప్పటికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట సంపూర్ణమ్మ గారు పోయేదాకా అత్తాకోడళ్లకు రోజుకొక తగువు ఉండేది. ఏ తగువూ రెండో రోజుకి మిగిలేది కాదు, ఎందుకంటే రెండో రోజుకి వేరేది సిద్ధంగా ఉండేది.

నాగేశ్వరికి ఒక పిచ్చి ఉంది. అది రూలు పిచ్చి. అందరికీ ఒకే రూలు ఉండాలి, ఆ రూలు అందరూ కలిసి పెట్టుకున్నదై ఉండాలి. రాజ్యాంగం పాఠం చెప్పేటప్పుడు ఆవిడ గొంతే మారిపోతుంది. అందుకే తరగతిలో బాలసభ ఒకటి పెట్టింది. ప్రతి శుక్రవారం ఆఖరి పీరియడు సభ. అధ్యక్షురాలు ఫణిశ్రీ అనే అమ్మాయి. ఫణిశ్రీకి ఈ పదవిలో నచ్చినదల్లా బల్ల మీదున్న ఇత్తడి గంట. కుళాయి దగ్గర ఎవరు ముందు, ఎక్కాలు తప్పు చెప్పినవాడిని చూసి నవ్వొచ్చా, ఇలాంటివి సభలో తేల్చుకునేవారు. మొదటి రోజే ఉత్సాహం పట్టలేక నాగేశ్వరి బోర్డు మీద రాసింది: "సభ చేసిన తీర్మానానికి టీచరు కూడా లోబడి ఉండాలి." రాసినప్పుడు చాలా బాగుంది.

నవంబరు వచ్చింది. నవంబరు రెండున సమాధుల పండగ. ఊళ్లో క్రైస్తవులు సమాధులకు సున్నాలు వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. చిన్నపిల్లల్ని ఊరి చివరి సమాధుల దాకా తీసుకెళ్లలేరు కాబట్టి, బడిలో ఆ తరవాతి వారం జ్ఞాపకాల ప్రార్థన పెడతారు. నాలుగో తరగతి పిల్లలు ఒక్కొక్కరూ మరియమ్మ విగ్రహం ముందుకొచ్చి, తమ ఇంట్లో పోయినవారి పేరు ఒకటి చెప్పి, బంతిపువ్వు పెట్టాలి. మిగతా బడంతా ఒక్క గొంతుతో, "ప్రభువా, వీరికి నిత్య విశ్రాంతి దయచేయండి," అనాలి. బడిలో సగానికి పైగా హిందువుల పిల్లలే. ఏ ఇంట్లో అయినా పోయినవాళ్లు ఉంటారు కాబట్టి దీనికి ఎవరూ ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

గురువారం రిహార్సలు జరుగుతోంది. తాతలు, నాయనమ్మలు, ఒక మేనమామ అయిపోయారు. వెంకటదుర్గ వంతు వచ్చింది. రైతుబిడ్డ, మాట తక్కువ.

"గౌరమ్మ," అని పువ్వు పెట్టింది.

"మీ నాయనమ్మా?" అంది నాగేశ్వరి, సానుభూతిగా.

"కాదండి. గేదండి."

వరసలన్నీ ఒక్కసారి కూలిపోయాయి. నవ్వి నవ్వి ఇద్దరు పిల్లలు ఇసకలో కూర్చున్నారు. వెంకటదుర్గ నవ్వలేదు, ఏడవలేదు. పెట్టిన పువ్వు తీసుకుని చేతిలో పట్టుకుని నిలబడింది.

"మనుషుల పేర్లేనమ్మా చెప్పేది," అంది నాగేశ్వరి.

"మీరు ఇంట్లో పోయినవాళ్లు అన్నారండి. మనుషులు అన్లేదు."

నిజమే. అలా అనలేదు. రూలు తనే సరిగా పెట్టలేదని నాగేశ్వరికి చురుక్కుమంది. ఆ ఇరుకులోంచి బయటపడడానికి ఆవిడకు తోచిన దారి ఒక్కటే. "సరే, రేపు సభలో పెట్టుకుందాం," అంది. పిల్లలు పాతికమందీ కలిసి గేదెను తోసేస్తారనీ, ఆ పాపం తన మీద పడదనీ ఆవిడ లెక్క.

మర్నాడు ఫణిశ్రీ గంట కొట్టింది. ఎవరూ మాట్లాడకపోయినా ఇంకోసారి కొట్టింది.

మొదట ఉదయ్‌భాస్కర్ లేచాడు. వాళ్ల తాతగారు ఆ ఊరికి చాన్నాళ్లు సర్పంచి. "అధ్యక్షా, మా తాతగారి పేరు చెప్పిన చోటే గేదె పేరు చెప్తే మా నాన్నగారు ఊరుకోరండి. అది అవమానం అండి."

"మీ తాతగారి పక్కన చెప్పనులే," అంది వెంకటదుర్గ. "అందరి పేర్లూ అయ్యాక చివర్న చెప్తాను. మా గౌరమ్మ ఎప్పుడూ తోసుకుని ముందుకెళ్లేది కాదు."

వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి, "అసలు గేదెకి ఆత్మ ఉంటుందా టీచర్?" అంది.

తరగతంతా నాగేశ్వరి వైపు తిరిగింది. "సభలో ప్రశ్నలు నన్ను కాదు, అధ్యక్షుల వారిని అడగాలి," అని ఆవిడ గౌరవంగా తప్పుకుంది. తరగతి ఫణిశ్రీ వైపు తిరిగింది. ఫణిశ్రీ కాస్త ఆలోచించి గంట కొట్టింది.

అప్పుడు వెంకటదుర్గ తనంతట తనే చెప్పింది. "మా చెల్లి పుట్టినప్పుడు అమ్మకి పాలు పడలేదండి. చెల్లి గౌరమ్మ పాలు తాగే పెరిగింది. మొన్న వినాయకచవితి వెళ్లాక గట్టు మీద పాము కరిచింది. డాక్టరుగారు వచ్చేసరికే అయిపోయింది. నాన్న ఆ రాత్రి అన్నం తినలేదు. మా ముసలి తాత పోయినప్పుడు తిన్నాడు."

ఈ ఆఖరి మాటకి నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఓటింగు పెట్టారు. అందరూ తలలు బల్లల మీద ఆనించి, కళ్లు మూసుకుని, ఒప్పుకునేవాళ్లు చెయ్యెత్తాలి. చూసేది టీచరొక్కతే. నాగేశ్వరి లెక్కపెట్టింది. నమ్మకం కలగక మళ్లీ లెక్కపెట్టింది. గేదె మూడు ఓట్ల తేడాతో నెగ్గింది. అంతకంటె విచిత్రం, ఎత్తిన చేతుల్లో ఉదయ్‌భాస్కర్ చెయ్యి కూడా ఉంది. మొహం బల్లకేసి అదిమిపెట్టి, చెయ్యి మాత్రం చెవి దాకా ఎత్తాడు. రహస్య ఓటు కాబట్టి ఆవిడ ఆ సంగతి ఎవరికీ చెప్పడానికి వీల్లేకపోయింది. ఫలితం చెప్పగానే వాడు అందరికంటె గట్టిగా, "అన్యాయం," అన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాగేశ్వరి అన్నం కెలుకుతూ కూర్చుంది. సిస్టరుకి ఒక్క మాట చెప్పకుండా తీర్మానం చేయించేసింది. ఇప్పుడు రోజరీ జపం చేసే చోట గేదె పేరు పిలవాలి.

"ఏమండీ, గేదెకి ఆత్మ ఉంటుందా?" అంది.

రామచంద్రమూర్తి గారు పప్పులో నెయ్యి కలుపుకుంటూ, "ఉండకేం," అన్నారు.

"అంత తేలిగ్గా చెప్పేస్తారేంటండి?"

"తర్పణాల్లో బ్రహ్మదేవుడి దగ్గర్నుంచి గడ్డిపరక దాకా అందరికీ నీళ్లు వదుల్తాం. గడ్డిపరకకి ఉన్నది, గడ్డి తినేదానికి ఉండదా?" అని, "ఆ అప్పడం ఇటివ్వు," అన్నారు.

నాగేశ్వరికి ప్రాణం కాస్త కుదుటపడింది. కానీ ఈ జవాబు సిస్టరు దగ్గర చెల్లదు.

హెడ్మిస్ట్రెస్ సిస్టర్ ఇన్నాసమ్మది పల్నాడు వైపు ఊరు. ఈ ఏడే వచ్చింది. మనిషి మంచిదే గానీ నవ్వుతోందో లేదో కనిపెట్టడం కష్టం. సోమవారం పొద్దున్నే నాగేశ్వరి వెళ్లి, ఎక్కడా ఆగకుండా జరిగినదంతా చెప్పేసింది.

"గేదెనా?" అంది సిస్టరు.

"అవునండి సిస్టర్. సభ తీర్మానం అయిపోయిందండి."

"నన్నడక్కుండానే?"

"పిల్లల సభండి," అంది నాగేశ్వరి నేల చూస్తూ.

సిస్టరు ఆవిడను వెంటబెట్టుకుని పక్కనే చర్చి ఆవరణలో ఉండే విచారణ గురువులు ఫాదర్ జయపాల్ గారి దగ్గరికి వెళ్లింది. ఆయన చిన్నవాడు, రోములో పెద్ద చదువు చదివి కొత్తగా వచ్చారు. ప్రశ్న వినగానే ఆయన మొహం వెలిగింది. ఇది చాలా లోతైన విషయం అన్నారు. ఒక పునీతుడు, అంటే సెయింటు, జంతువులకు మనకున్నలాంటి ఆత్మ లేదన్నారని, ఇంకొక పునీతుడు పక్షులకు ప్రసంగమే చేశారని చెప్పారు. లాటిన్‌లో రెండు మాటలు చెప్పారు. మధ్యలో లేచి ఒక లావుపాటి పుస్తకం తీసి, అందులో గేదె లేదని చూసి మళ్లీ పెట్టేశారు. చివరికి, "ఇది బడి విషయం కదండీ, సిస్టరుగారే చూసుకోవడం మంచిది," అన్నారు.

సిస్టరు తిరిగొచ్చి వెంకటదుర్గను పిలిపించింది.

"పూటకెన్ని లీటర్లిచ్చేది?"

"నాలుగండి."

"తన్నేదా?"

"ఎప్పుడూ తన్నలేదండి."

"మాది తన్నేది," అంది సిస్టరు. "అయినా అది పోతే మా అయ్య పొద్దుగూకేదాకా కొట్టంలోనే కూసున్నాడు." తరవాత గొంతు సవరించుకుని, "చివర్నే చెప్పు. పేరు చెబితే చాలు, గేదె అని చెప్పమాక," అంది.

అంతటితో అయిపోయిందనుకుంటే నాగేశ్వరి అమాయకత్వం. గేదెకు దారి దొరికిందని తెలియగానే, మంగళవారం పొద్దునకల్లా ఊళ్లో చచ్చిన జీవాలన్నీ నాలుగో తరగతి గుమ్మంలోకి వచ్చాయి. రెండు కుక్కలు, ఒక చిలక, కారు కింద పడిన పిల్లి, పిల్లలతో సహా ఒక కోడి. ఒక పిల్లాడు తాబేలు పేరు చెప్పాడు. "ఇంకా పోలేదండి. కానీ రెండ్రోజుల్నుంచి కదలట్లేదండి." తమ తాతనీ నాయనమ్మనీ వెనక్కి తీసుకుని, ఆ చోట్లో కుక్కని పెట్టుకుంటామని ఇద్దరు బేరానికి దిగారు.

నాగేశ్వరి బల్ల మీద కొట్టి రూలు చెప్పింది. ఇంటికి ఒక్క పేరే. చెప్పిన పేరు మార్చడానికి లేదు. ముఖ్యంగా, ఆ పోయినదానికి బతికుండగా ఒక పేరుండాలి. పేరు లేనివాటిని చదవడం కుదరదు. ఈ రూలుతో కోడీ కోడిపిల్లలూ వెళ్లిపోయాయి. పిల్లీ వెళ్లిపోయింది. కుక్కలూ చిలకా తాబేలూ ఇంటికి ఒక్క పేరు దగ్గరే ఆగిపోయాయి. అమ్మయ్య అనుకుంటుండగా మణిశంకర్ లేచాడు. వాడు ఇంకా ఏ పేరూ ఇవ్వలేదు. ఇంట్లో పోయినవాళ్లు ఎవరూ గుర్తులేరని రిహార్సలు రోజున ఊరికే నిలబడ్డాడు.

"మా రొయ్యలు పోయాయండి."

"ఎన్ని రొయ్యలు?" అన్నాడు ఎవడో.

"చెరువంతానండి. మచ్చల జబ్బు వచ్చింది. ఒక్క రాత్రిలో అన్నీ తేలిపోయాయండి."

తరగతి గొల్లుమంది. చెరువెడు రొయ్యల పేర్లు చదివేసరికి క్రిస్మస్ వచ్చేస్తుందని ఉదయ్‌భాస్కర్ అన్నాడు. నాగేశ్వరికి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే, "రొయ్యలకి పేర్లుండవుగా నాన్నా. రూలు రూలే," అంది. మణిశంకర్ కూర్చున్నాడు. ఆ పూట వాడు లెక్కలు చేయలేదు. బయట కాలవ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వెళ్తూ స్కూటరు మీద నాగేశ్వరికి అప్పుడు తట్టింది. ఈ మధ్య మణిశంకర్ వాళ్ల నాన్న పిల్లాణ్ణి దింపడానికి వచ్చినప్పుడు గేటు దగ్గర ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వెళ్లిపోతున్నాడు. అంతకుముందు రోజూ వాచ్‌మన్‌తో పావుగంట కబుర్లు చెప్పేవాడు. గేదె పోయినందుకు ఒక రైతు అన్నం మానేశాడని విని తరగతంతా ఓటేసింది. చెరువు పోయిన ఇంట్లో ఎవరు తింటున్నారో ఎవరూ అడగలేదు, తను కూడా. నవ్వింది కూడాను. ఆవిడకు తన రూలు మీద మొట్టమొదటిసారి కోపం వచ్చింది. కానీ అందరి ముందూ పెట్టిన రూలు, రాత్రికి రాత్రి ఒకరి కోసం ఎలా ఎత్తేస్తుంది? తెల్లారేదాకా అటూ ఇటూ దొర్లింది.

బుధవారం పొద్దున్న ప్రార్థన గంటకు ముందే మణిశంకర్ వచ్చి బల్ల దగ్గర నిలబడ్డాడు.

"టీచర్, ఒక రొయ్యకి పేరుందండి."

"ఎప్పుడు పెట్టావురా?"

"రొయ్యలు ఎంత పెరిగాయోనని నాన్న వల వేసి చూస్తే ఒకటి నా చేతిలోకి వచ్చిందండి. చిన్నది. చిట్టియ్య అన్నానండి. మళ్లీ నీళ్లలో వదిలేశాను."

నాగేశ్వరి వాడి మొహంలోకి చూసింది. ఆ పేరు నిన్న సాయంత్రానికీ ఈ పొద్దుటికీ మధ్య పుట్టిందని ఆవిడకు తెలుస్తూనే ఉంది. పిల్లలు అబద్ధం చెప్పేటప్పుడు కాలి బొటనవేలితో నేల రాస్తారు. వాడు రెండు కాళ్ల బొటనవేళ్లతోనూ రాస్తున్నాడు.

"పేరుంటే రూలు ప్రకారం సరిపోయినట్టే," అంది. "గౌరమ్మకి ముందు నువ్వు చెప్పు."

ప్రార్థనకి తల్లిదండ్రులు కొందరు వచ్చి గోడ పక్కన నిలబడ్డారు. బంతిపూల బుట్ట మరియమ్మ విగ్రహం పక్కన పెట్టారు. ఉదయ్‌భాస్కర్ తాతగారి పూర్తి పేరు, ఇంటిపేరుతో, మాజీ సర్పంచి అని కూడా కలిపి చెప్పాడు. బడంతా విశ్రాంతి దయచేయమంది. ఒక్కొక్కరే వెళ్లారు. మణిశంకర్ వచ్చి, "చిట్టియ్య," అన్నాడు. పిల్లల్లో ఒక అల కదిలినట్టయింది గానీ ఎవరూ నవ్వలేదు. అందరూ వాక్యం పూర్తిగా అన్నారు. గోడ దగ్గర మణిశంకర్ నాన్న పక్కనున్నాయన్ని మెల్లిగా అడగడం నాగేశ్వరికి వినబడింది.

"చిట్టియ్య ఎవరండీ? మావాళ్లలో ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరే."

పక్కనున్నాయన అప్పటికే వాళ్లమ్మాయి ద్వారా సంగతంతా విన్నవాడు. చెవిలో చెప్పాడు. మణిశంకర్ వాళ్ల నాన్న మొదట అర్థం కానట్టు చూశాడు. తరవాత భుజం మీది తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వాడు. నవ్వు ఆగాక కూడా తువ్వాలు కాసేపు మొహం మీదే ఉంచుకున్నాడు.

వెంకటదుర్గ అందరికంటె చివర వెళ్లింది. "గౌరమ్మ," అంది. ఈసారి ఫాదర్ జయపాల్ గారు కూడా అందరితో పాటు గొంతు కలిపారు. ఏ పునీతుడి పక్షం వహించారో అడగడానికి ఎవరికీ తోచలేదు.

అక్కడితో ముగించాలి. కానీ సిస్టరు ఒక బంతిపువ్వు తీసుకుని నాగేశ్వరి వైపు చాపింది. "టీచర్, మీ ఇంట్లోంచి?"

ఇన్నేళ్లలో నాగేశ్వరిని ఎవరూ అడగలేదు. ఆవిడా ఎప్పుడూ అనుకోలేదు. అమ్మా నాన్నా తణుకులో నిక్షేపంగా ఉన్నారు. పువ్వు తీసుకుని ముందుకు నడిచేదాకా ఏ పేరు చెబుతుందో ఆవిడకే తెలియదు.

"సంపూర్ణమ్మ," అంది.

బడంతా ఒక్కసారిగా, చిన్న గొంతులూ పెద్ద గొంతులూ కలిసి, సంపూర్ణమ్మ గారికి నిత్య విశ్రాంతి ఇమ్మని ప్రభువుని అడిగింది. నాగేశ్వరి కళ్లు తుడుచుకుని, రెండో తరగతి వరస వంకరగా ఉందని వెళ్లి సరిచేసింది.

సాయంత్రం స్కూటరు మీద ఆవిడ ఏం మాట్లాడలేదు. రాత్రి మజ్జిగన్నం దగ్గర చెప్పింది. రామచంద్రమూర్తి గారు చెయ్యి ఆపి విన్నారు.

"మా అమ్మ పేరా? ఆ బళ్లోనా?"

"నోటికి అదే వచ్చిందండి. తప్పా?"

ఆయన ఏడాదికోసారి తల్లి తద్దినం తనే పెడతారు. ఆ రోజు ఆ పేరు పలికేది ఆయనొక్కరే. వినడానికి ఇద్దరు భోక్తలు, వాళ్ల దృష్టి గారెల మీద.

"ఎంతమంది అన్నారు?" అన్నారు.

"బడంతానండి. గోడ దగ్గర నిలబడ్డ తల్లిదండ్రులు కూడా."

"ఊ." ఇంకో ముద్ద కలుపుకున్నారు. "ఎవరి తరవాత చెప్పావు?"

నాగేశ్వరి కాస్త తటపటాయించింది. "గేదె తరవాతండి. దానికి ముందు రొయ్య."

రామచంద్రమూర్తి గారు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశారు. మడీ ఆచారం తప్ప వేరే మాట ఎరగని తన తల్లి ఆ వరసలో నిలబడి ఉండడం ఆయన కళ్లకు కట్టినట్టుంది.

"రొయ్య దగ్గర కాస్త ఇబ్బంది పడుంటుంది," అన్నారు చివరికి. "మిగతావాళ్లతో సర్దుకుంటుందిలే. ఇంకాస్త మజ్జిగ పొయ్యి."